ఎవరో చూస్తున్నారు

అత్త మల్లక్కకు చీర మారుస్తుండగా గోడమీది కెమెరా మెల్లగా తల తిప్పింది. నర్మద చేయి ఆగిపోయింది. తన ఫోను వంటింట్లో ఛార్జింగులో ఉంది. భర్త సుధాకర్ మొదటి షిఫ్టులో ఉన్నాడు. గనిలోకి ఫోను తీసుకుపోనివ్వరు. మరి తిప్పిందెవరు?

తుంటి విరిగి మంచం పట్టిన అత్తను తన టైలరింగ్ షాపు నుంచి చూసుకోవడానికి పెట్టించిన కెమెరా అది. బిగించింది పక్క క్వార్టర్ బాలమల్లు. శ్రీరాంపూర్ కాలనీలో కరెంటు పనంటే అతనే. పాస్‌వర్డూ అతనికే తెలుసు.

నిన్ననే అతను, "అవ్వ నాలుగడుగులేసింది గద!" అన్నాడు. ఇంట్లో జరిగింది అతనికెలా తెలిసింది? నర్మద కెమెరా మీద తువ్వాల కప్పింది. రెండు రోజులు అతను ఎదురుపడితే ముఖం చాటేసింది. మూడోనాడు ఉండబట్టలేక అడిగేసింది.

"అన్నా, మా ఇంట్ల కెమెరా నువ్వు సూస్తున్నవా?"

బాలమల్లు ముఖం మాడిపోయింది. "నేనా? నాలుగడుగులేసిన్నని అవ్వనే మా ఇంటామె శ్యామలకు చెప్పింది. నమ్మకుంటే అడుగు."

"మరి పాస్‌వర్డ్ ఇంకెవలకు ఎర్క?"

"డబ్బా మీదున్నదే ఉంచిన. మార్చలే."

ఆమె ఫోనులోనే వెతికి చూపించాడు. కెమెరాను తెరిచినవి మూడు ఫోన్లు. నర్మదది, సుధాకర్‌ది. మూడోది ఎవరిదో. ఆరు వారాలుగా చూస్తున్నారు.

"గీ రకం కెమెరాలన్నిటికీ డబ్బా మీద ఒక్కటే పాస్‌వర్డ్ చెల్లె. తెల్సినోడు ఏడ కూసున్నా తెరుస్తడు," అన్నాడు.

ఆ మూడో ఫోనును జాబితాలోంచి తీసేశారు. నర్మద పొడవాటి కొత్త పాస్‌వర్డ్ పెట్టుకుంది. ఏ కొత్త ఫోనుతోనైనా కెమెరాను తెరవబోతే ముందు తన ఫోనుకు కోడ్ వచ్చేలా చేసింది. పావుగంట పని. అది ముందే చేయనందుకు బాలమల్లు తల పట్టుకున్నాడు.

"పదకొండిండ్లల్ల పెట్టిన. అన్నిట్ల గదే."

"నువ్వొక్కనివే పోతే ఎవ్వలు నమ్మరు. నడువు, నేనొస్త," అంది నర్మద.

నాలుగో ఇంట్లోనూ ఎవరిదో తెలియని ఫోను బయటపడింది. ఆ ఇంటి రేవతి కళ్లు చప్పున బాలమల్లు వైపు తిరిగాయి. ఆ చూపు నర్మదకు కొత్త కాదు. సిగ్గుతో తల దించుకుని, "అన్న తప్పేం లేదక్కా, నేను గిట్లనే అనుకున్న," అంది.

సైబర్ పోలీసులకు ఫిర్యాదిచ్చారు. చూసినవాడెవడో ఇంకా తేలలేదు. బాలమల్లు ఇప్పుడు ఎక్కడ కెమెరా బిగించినా, సొంత పాస్‌వర్డ్ పెట్టుకొమ్మని ఇంటివాళ్లకు చెప్పి, అది పూర్తయ్యేదాకా వాకిట్లో నిలబడతాడు.