వడదెబ్బ, ఏడో టేకు

వడదెబ్బ గురించి స్ఫూర్తికి తెలియనిది లేదు. తెలియకుండానే ఆశా కార్యకర్తలకు ఆన్‌లైన్ పాఠాలు తయారుచేస్తుందా మరి! ఆరోగ్య అత్యవసరాలను ఎదుర్కోవడం మీద మొత్తం పన్నెండు పాఠాలు, అందులో నాలుగోది వడదెబ్బ. చెమట ఆగిపోవడం, మాట తడబడటం, మనుషుల్ని పోల్చుకోలేకపోవడం కనిపిస్తే క్షణం ఆలస్యం చేయకూడదని ఎర్రక్షరాల్లో రాసింది తనే.

ఆ పాఠానికి వీడియో కావాలన్నారు. ఆఫీసు ఫిల్మ్ నగర్‌లో పెట్టుకున్నాక వీడియో అంటే సినిమావాళ్లు రావాల్సిందే. దర్శకుడు సుహాస్ మే నెల మిట్టమధ్యాహ్నం డాబా మీద లైట్లు పెట్టించాడు. కూలీ వేషానికి యూసుఫ్‌గూడ నుంచి జంగయ్య వచ్చాడు. ముప్ఫై ఏళ్లుగా గుంపులో నిలబడుతున్న జూనియర్ ఆర్టిస్టు. క్లోజప్ దక్కడం ఇదే మొదలని వచ్చినవాళ్లందరికీ చెప్పుకున్నాడు, పాపం.

మొదటి టేకులో గుండె పట్టుకుని, మూడుసార్లు తూలి, ఆకాశం వంక చూసి పడ్డాడు. చూసినవాళ్లెవరైనా కత్తిపోటనుకుంటారు. స్ఫూర్తి ఓపికగా మళ్లీ చెప్పింది. అలా ఆరు టేకులయ్యాయి. వడదెబ్బ మనిషికి చెమట కనపడకూడదు కాబట్టి టేకుకోసారి టచప్ బాలమణి వచ్చి అతని మొహం తుడిచి వెళ్లేది.

ఏడో టేకుకు ఆవిడ తువ్వాలు పట్టుకుని అక్కడే నిలబడిపోయింది.

“మేడం, తుడువనీకి చెమటనే లేదు.”

“ఇంకేం, మంచిదేగా” అని స్ఫూర్తి షాట్‌కు తొందరపెట్టింది.

ఈసారి జంగయ్య అద్భుతంగా చేశాడు. నాలుక మడతపడింది. స్ఫూర్తిని చూసి, ఎవరో శకుంతల అనుకుని, బువ్వ తిన్నావా అని అడిగాడు. ఆమె మురిసిపోతూ కాగితం మీద ఒక్కో లక్షణానికీ టిక్కు పెట్టింది. జంగయ్య కుప్పకూలాడు. కట్ అనేదాకా ఎవరూ కదలకూడదు కదా, ఎవరూ కదల్లేదు. సుహాస్ కట్ చెప్పలేదు.

బాలమణి నడుస్తున్న కెమెరా ముందుకు వెళ్లిపోయింది. సినిమా పుట్టాక అంతకు మించిన నేరం లేదు. అతని మెడ మీద చెయ్యి పెట్టి, “ఇది యాక్టింగ్ కాదు. పెనం లెక్క కాలుతున్నడు” అంటూ కూల్‌డ్రింకుల పెట్టెలోని ఐసునీళ్లన్నీ అతని మీద కుమ్మరించింది.

మూడో రోజు స్ఫూర్తి సిగ్గుతో చచ్చిపోతూ ఆసుపత్రికి వెళ్లింది. జంగయ్య లేచి కూర్చుని ఉన్నాడు. ఆమె క్షమాపణ నోట్లో ఉండగానే, క్లోజప్ ఎట్ల వచ్చిందని అడిగాడు. ఆ ఏడో టేకు చూసిన పెద్దాఫీసు అభిప్రాయం ఆ పొద్దుటే మెయిల్‌లో వచ్చింది: ‘రోగి నటన సహజంగా లేదు. మళ్లీ తీయండి.’ అబద్ధం చెబుదామనుకుంది గానీ నోరు రాలేదు. చదివి వినిపించి, ఏడ్చేసింది.

జంగయ్య మొహం చిన్నబోయింది. కాసేపు దుప్పటి అంచు సర్దుకున్నాడు.

“గా టేకు నాకు యాదికి లేదు మేడం” అన్నాడు. “ఇంకొక్కటి పెట్టుండ్రి. గీసారి మంచిగ చేస్త.”