మూడో తరగతి దాటని పిల్ల

మూడో తరగతి రెండుసార్లు తప్పిన కూతురు నల్లబల్ల ముందు నిలబడి బడంతటికీ భాగహారం చెబుతుంటే, మార్తమ్మ కిటికీ ఊచ పట్టుకుని చూసింది.

ఆమె వచ్చింది పిల్ల పేరు కొట్టేయించడానికి. "బుర్ర మందం. ఇంకో ఏడు ఇక్కడనే కూసోనియ్యి" అన్నాడు మొన్న ఫలితాలు చెప్పిన రోజు బడి పంతులు కృపానందం సారు. మార్తమ్మకు అంత ఓపిక లేదు. బొంతపల్లి దారిలో కొత్తగా లేచిన మందుల ఫ్యాక్టరీలో ఆమె సీసాలు కడుగుతుంది. తొమ్మిదేళ్ల కమలాకుమారిని కూడా రేపటి నుంచి తీసుకోమని మేస్త్రీని బతిమాలి ఒప్పించింది.

"సారేడే?"

"ఫ్యాక్టరీ సేట్లకు భూములు సూపియ్య పోయిండు. రోజూ పోతడు" అంది కమల, సుద్దముక్క కింద పెట్టకుండానే.

"మరి పాఠం?"

"నేనే చెప్త."

"నీకెవలు చెప్తరు?"

"ఎవలు చెప్పరు. వచ్చిందే మళ్ల మళ్ల సదువుత. ఐదో తరగతి పుస్తకం అడిగితే సారు బీరువాకు తాళమేసిండు. ఎక్కువ సదివితే కండ్లు పోతయన్నడు."

"మా సారు కమలనే" అన్నారెవరో వెనక వరసలోంచి. పిల్లలు కిసుక్కున నవ్వారు. మార్తమ్మ నవ్వలేదు. సీసాలు కడిగే సోడా నీళ్లకు పగిలిన చేతులు ఒళ్లో పెట్టుకుని గడప మీద కూర్చుంది.

పొద్దు తిరిగాక కృపానందం సైకిలు దిగాడు. ప్యాంటు నిండా దుక్కి మట్టి. ఆమెను చూడగానే చర్చిలో నవ్వే నవ్వు నవ్వాడు.

"పేరు కొట్టేయించనీకి వచ్చిన సారూ."

నవ్వు పోయింది. "ఇప్పుడే వద్దు మార్తమ్మా. ఇంకో ఏడు ఆగు."

"బుర్ర మందమైతే ఆగుడెందుకు? బుర్రుంటే ఫెయిలెట్లయింది?"

"సీసాలు కడిగేదానివి, నీకేం తెల్సు? గడప ఇడువు."

"ఇడువ. చెప్పేదాక లెవ్వ. ఆదివారం చర్చిల అందరి ముందట గూడ గిదే అడుగుత."

పిల్లలు పలకలు దించి వింటున్నారు. కృపానందం గొంతులో సిగ్గు లేదు, విసుగే ఉంది.

"డబుల్ ప్రమోషనిచ్చి పటాన్‌చెరు పెద్ద బడికి పంపమని నిరుడే ఇన్‌స్పెక్టర్ సాబ్ చెప్పిపోయిండు. ఇది పోతే గీ గుంపును ఎవలు సూడాలె? నేను బడిల కూసుంటే నా బేరాలు ఎవలు జెయ్యాలె? జీతమడగని పంతులు దొరికితే ఎవడిడుస్తడు? అందుకే రెండుమాట్ల నేనే ఫెయిల్ జేసిన."