పరుపుల గోదాములో పుర్రెలగూడు

పుర్రెలగూడు బృందం ఇన్నాళ్ళకు మళ్ళీ ఆల్బమ్ చేస్తోందన్న కబురు పొక్కగానే పాత అభిమానులు ఉబ్బితబ్బిబ్బయ్యారు. ఒకప్పుడు వేదిక ముందు ఒకరి మీద ఒకరు పడి తోసుకున్నవాళ్ళే, ఇప్పుడు ఫోన్ చేసి, "కచేరీకి కుర్చీలు వేయిస్తున్నారా? వీపుకి ఆనుకునేవేనా?" అని అడుగుతున్నారు.

పుర్రెలగూడు వాళ్ళది డెత్ మెటల్. అంటే చావు పాటలు. డ్రమ్ములు పిడుగుల్లా పడుతుంటాయి, గిటార్లు రంపాల్లా కోస్తుంటాయి, గాయకుడు కడుపులోంచి తోడినట్టు గర్జిస్తాడు. ఏమంటున్నాడో ఒక్క ముక్క అర్థం కాదు. అర్థం కాకపోవడమే అందులో గొప్ప. ఈ బృందంలో ఆ గర్జించే మనిషిని అందరూ గాండ్రింపు అనే పిలుస్తారు. ఉద్యోగమేమో బస్ స్టేషన్లో. గాజు గదిలో కూర్చుని, "ప్రయాణికులకు విజ్ఞప్తి" అంటూ వెన్నపూసలాంటి గొంతుతో ఏ బస్సు ఎటు పోతుందో చెబుతుంటాడు.

ఆ గొంతులోనే ఇప్పుడు కాయలు కాశాయి. "ఈ అరుపులు మానకపోతే మాటే పడిపోతుంది. ఆపైన మీ ఇష్టం" అని డాక్టరు తేల్చి చెప్పాడు. గాండ్రింపు ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు, బృందంలోనూ చెప్పలేదు. గొంతు పోయేలోగా ఒక్క ఆల్బమ్ గర్జించాలి. అంతే ఆయన కోరిక.

సాధన ఎప్పటిలాగే గాండ్రింపు బావమరిది పరుపుల గోదాములో. బావమరిది డ్రమ్ములు వాయిస్తాడు, వారమంతా పరుపులు అమ్ముతాడు. చుట్టూ కప్పు దాకా పేర్చిన పరుపుల వల్ల లోపలి మోత బయటికి పోదు, ఇరుగుపొరుగు తిట్లు లోపలికి రావు. గిటార్ వాయించేది లెక్కల మాస్టారు. బేస్ గిటార్ మౌనస్వామిది. నోరు విప్పితే సొమ్ము పోతుందన్నట్టుంటాడు కాబట్టి ఆ పేరు.

వీళ్ళకు కుర్రతనంలో పెట్టుకున్న కట్టుబాటు ఒకటుంది. నలుగురిలో ఏ ఒక్కడు వద్దన్నా ఆ పాట పోయినట్టే. ఎందుకని అడగకూడదు. ఆ రోజుల్లో ఎవరూ ఏదీ వద్దనేవాళ్ళు కాదు. పేగుల మీద రాసినా పురుగుల మీద రాసినా, "ఇంకాస్త కుళ్ళబెట్టరా" అనేవాళ్ళు.

గాండ్రింపు మొదటి పాట చదివాడు. గుండె పగిలి చచ్చేవాడి పాట.

"బావా, ఇది వద్దు" అన్నాడు బావమరిది.

"ఏం? దీనికేమొచ్చింది?"

"ఎందుకని అడక్కూడదుగా! నాకు స్టెంటు వేశారని తెలిసీ రాశావంటే నీది గుండె కాదు బావా, సన్నికల్లు."

రెండోది కళ్ళు పొడిచే కాకుల పాట. లెక్కల మాస్టారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "కళ్ళ జోలికి పోకు నాయనా. అసలే షుగరు. నల్లబల్ల మీద నేను రాసిన అంకె నాకే కనపడ్డం లేదు."

మూడోది బతికుండగానే పాతిపెట్టిన మనిషి పాట. మౌనస్వామి అడ్డంగా తలూపాడు. "మొన్న లిఫ్టులో ఇరుక్కున్నా. అప్పట్నుంచి మూతంటేనే భయం. టిఫిన్ డబ్బా కూడా మా ఆవిడే తీసిపెడుతోంది" అన్నాడు. ఆయన ఒక్కసారిగా అన్ని మాటలాడటం ఎవరూ ఎరగరు.

గాండ్రింపుకి ఒళ్ళు మండింది. "ఇది చావు పాటల బృందమా, ఆస్పత్రి వరండానా? ఇన్నేళ్ళూ చావు పేరు చెప్పుకుని బతికాం. తీరా అది వీధి మలుపులో కనపడేసరికి పరుపుల కింద దూరతారా? ఇంక దేనిమీద పాడమంటారు, మోకాళ్ళ నొప్పుల మీదా?"

"మోకాళ్ళు కూడా వద్దు బావా."

అప్పుడు మౌనస్వామి జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశాడు. జన్మలో పాట రాసినవాడు కాదు. గొంతు సవరించుకుని చదివాడు. ఒకడు పక్క గదిలో ఉన్న పెళ్ళాన్ని పిలవబోతాడు. నోరు తెరుచుకుంటుంది, పిలుపు రాదు. ఆవిడ అటు తిరిగి పని చేసుకుంటూనే ఉంటుంది. పాట మొత్తం అంతే. నెత్తురు లేదు, పురుగులు లేవు.

"ఇది వద్దు" అన్నాడు గాండ్రింపు.

"ఎందుకో?" అన్నాడు బావమరిది.

"ఎందుకని అడక్కూడదు."

"గురివింద గింజ సామెత నీకోసమే పుట్టింది బావా!" అని బావమరిది పకపకా నవ్వాడు. బావ మొహం చూసి నవ్వు మింగేశాడు.

"ఈమధ్య నీ నోట్లో గొంతునొప్పి బిళ్ళ లేకుండా నిన్ను చూళ్ళేదురా" అన్నాడు మౌనస్వామి మెల్లగా.

ఇక దాచి లాభం లేదు. గాండ్రింపు డాక్టరు మాటలన్నీ చెప్పేశాడు. బావమరిది ఒక పరుపు లాగి, "కూచో బావా" అన్నాడు. కాసేపటికి నలుగురూ దాని మీదే కూచున్నారు.

చివరికి లెక్కల మాస్టారే లేచాడు. "ఉన్న పాటలన్నీ పోయాయి. సున్నాని ఆల్బమ్ అనరు కదా. కట్టుబాటు తిరగేద్దాం. ఎవడు ఏ పాట వద్దన్నాడో, అది వాడే పాడాలి."

ఆ గోదాములోనే రికార్డింగ్ పెట్టించి పాడారు. బావమరిది డ్రమ్ముల మీద ఉండాల్సిన చెయ్యి గుండె మీద పెట్టుకుని పాడాడు. మాస్టారు కాకుల పాట కళ్ళు గట్టిగా మూసుకుని పాడాడు. మౌనస్వామి తలుపు బార్లా తీస్తేగానీ పాడనన్నాడు. దాంతో ముందున్న పరుపుల దుకాణంలోంచి కొనడానికొచ్చిన ఎవరిదో గొంతు, "మరీ మెత్తగా ఉందండీ, ఇంకాస్త గట్టిది చూపించండి" అంటూ సమాధి పాట మధ్యలో దూరింది. రికార్డింగ్ చూస్తున్న ఇంజనీరమ్మ తీసేస్తానంటే, ఉండనివ్వమన్నారు.

గాండ్రింపు వంతు వచ్చింది. ఊపిరి నిండా పీల్చి గర్జించబోయాడు. గొంతులో ముల్లు దిగింది. మళ్ళీ ప్రయత్నించాడు, గాలి తప్ప ఏమీ రాలేదు. కళ్ళు మూసుకుని, తనకు మిగిలిన గొంతుతోనే అందుకున్నాడు. ఆ గాజు గది గొంతుతో, బస్సు బయలుదేరబోతోందని చెప్పినంత మర్యాదగా, అక్షరం అక్షరం విడదీసి పాడాడు. ఇంజనీరమ్మ చెవులకు పెట్టుకున్నవి తీసి పక్కన పెట్టింది.

ఆల్బమ్ వచ్చింది. ఇంత భయంకరమైన ఆల్బమ్ ఈ మధ్యకాలంలో రాలేదని విమర్శకుడొకడు రాశాడు. అభిమానుల్లో సగంమంది విన్న మర్నాడే పరగడుపున రక్తపరీక్షలకు వెళ్ళారు. బస్ స్టేషన్లో "కొద్దిసేపట్లో బయలుదేరును" అన్న మాట వినగానే నల్లచొక్కా అభిమానులు కొందరు ఎక్కిన బస్సు దిగిపోతున్నారట.

గాండ్రింపు భార్య ఇన్నేళ్ళూ మొగుడి పాట మొదలవగానే వంటింటి తలుపు వేసుకునేది. ఈసారి తలుపు తీసే ఉంచి, చివరి పాట దాకా విన్నది. విని గిన్నెలు తోముకోవడానికి వెళ్ళింది.

"ఇన్నేళ్ళ కాపురంలో మీ పాట నాకర్థమవడం ఇదే మొదలు" అంది అటు తిరిగే. "రేపు డాక్టరు దగ్గరికి నేనూ వస్తున్నా."

గాండ్రింపు గుమ్మంలో నిలబడి ఏదో అనబోయాడు. నోరు తెరుచుకుంది, మాట రాలేదు.

ఆవిడ కుళాయి కట్టేసింది.

"వింటూనే ఉన్నా" అంది. "అలా అరవకండి."