గోడ మీద తొమ్మిది, బల్ల మీద ఏడున్నర

కిటికీలోంచి ఎండ.

షాబాదు బండల మీద ఒక పట్టీలా పడింది. మూరెడు పొడవు, జానెడు వెడల్పు. కాలు పెడితే వెచ్చన.

గోడ మీద తొమ్మిది. బల్ల మీద ఏడున్నర.

రెండూ నిజమే.

గోడ గడియారం సిద్దిపేటది. బల్ల మీది కంప్యూటర్ దుబాయిది. నవనీత భర్త దేవరాజు పోయినేడు సెలవుకు వస్తూ, తన కంపెనీ ఆఫీసులో తీసేసిన దాన్ని మందపాటి దుప్పట్లో చుట్టి మోసుకొచ్చాడు. దుప్పటి విప్పారు. వైర్లు పెట్టారు. తెర వెలిగింది.

తెర మూలన అంకెలు మాత్రం దుబాయిలోనే ఉండిపోయాయి.

ఎవరూ మార్చలేదు. మార్చనిచ్చేదెవరు?

దేవరాజు తల్లి పెంటవ్వకు అక్షరాలు రావు, అంకెలు వస్తాయి. రోజూ పొద్దుగూకినాక కోడలితో కంప్యూటర్ పెట్టించుకుని, దాని ముందు స్టూలు వేసుకుని కూర్చుంటుంది. మూలన ఆరు పడాలి. ఆరు పడిందంటే కొడుకు డ్యూటీ దిగినట్టు. అప్పుడే పళ్లెంలో అన్నం పెట్టుకుంటుంది. అప్పటికి ఇక్కడ ఏడున్నర. ఆకలి ముందే వేస్తుంది. అయినా సరే... వాడు ఎండలో నిలబడి ఉండగా ఆమెకు ముద్ద దిగదు.

మన బండల మీద ఎండే నడుచుకుంటూ వాని దగ్గరికి పోతుందని ఆమె లెక్క. గంటన్నర తొవ్వ.

గంటన్నర — ఆ ఇంట్లో దూరానికి అదే పేరు.

ఇవాళ పదింటికి నవనీతకు పరీక్ష. పాత పుస్తకాలు తెలుగులో టైపు చేసే ఉద్యోగం. పని ఇంట్లోంచే, పరీక్షా ఇంట్లోంచే. పదింటికి గేటు తెరుస్తారు. పదింబావుకు మూస్తారు. ఒక్కసారే.

ఫలితం రేపు. ఎల్లుండి దేవరాజు ఇంకో రెండేళ్ల కాగితం మీద సంతకం పెట్టాలి. నీకు పని దొరికితే పెట్టను, వచ్చేస్తా, మళ్లీ మగ్గం ఎక్కుతా అన్నాడు.

కంపెనీ మెయిల్‌లో చివరన ఒక వాక్యం. కంప్యూటర్ గడియారం భారత సమయంలో ఉండాలి.

అత్త వాకిట్లో ఉంది. నవనీత గబగబా తెర మీద సమయం మార్చే పెట్టె తెరిచింది. గోడ గడియారానికి ముల్లు తిప్పినట్టే తిప్పింది. ఏడున్నర చెరిపి తొమ్మిది పెట్టింది.

అరనిమిషం పని.

ఎండ పట్టీ ఒక బండ దాటింది.

తొమ్మిది నలభై రెండు. పరీక్ష పేజీ తెరిచింది.

గేటు మూసుకుంది. మీ సమయం ముగిసింది.

ఆమె గోడ వైపు చూసింది. తొమ్మిది నలభై రెండు. ఫోన్ చూసింది. తొమ్మిది నలభై రెండు. తెర మూల చూసింది. అక్కడా అంతే.

పేజీ మీద మాత్రం — పదకొండు పన్నెండు.

మళ్లీ తెరిచింది. పదకొండు పదమూడు.

పెంటవ్వ లోపలికి వచ్చింది. గోడను చూసింది. బల్లను చూసింది.

"రెండిట్ల ఒక్కటే ఉందేందే? వాని టైమేడ పాయె?"

నవనీత వేళ్ల మీద లెక్కపెడుతోంది. తొమ్మిది నలభై మూడు నుంచి పదకొండు పదమూడు.

గంటన్నర.

ఆ గంటన్నర ఆమెకు కొత్తదా? మూడేళ్లుగా దానితోనే అన్నం తింటోంది, దానితోనే పడుకుంటోంది.

యంత్రం అబద్ధమాడలేదు. తాను అంకెలు మార్చింది. ఊరు మార్చలేదు. అది ఇంకా దుబాయిలోనే ఉన్నాననుకుంటోంది. దుబాయిలో తొమ్మిది నలభై మూడయితే, ఇక్కడ పదకొండు పదమూడే మరి.

సమయం మార్చిన పెట్టెలో కింద ఇంకో వరస ఉంది. ఏ ప్రాంతం? నొక్కింది. పొడవాటి పట్టిక జారింది.

"మార్చాల్సింది జాగ, అత్తమ్మా. ఇది ఇంకా గాడనే ఉన్న అనుకుంటుంది."

"అనుకోనియ్యే," అంది పెంటవ్వ. "గదొక్కటన్న వానితోని ఉంది."

గోడ గడియారం టిక్కుమంది. టిక్కుమంది.

"ఈ పని దొరికితేనే ఆయన వస్తడు అత్తమ్మా."

ముసలామె తెర దగ్గరికి వంగింది. పట్టికలో మన ఊరు ఉందా అని అడిగింది. లేదంది కోడలు. చెన్నై, కోల్‌కతా, ముంబయి, ఢిల్లీ ఒక్క వరసలో ఉన్నాయి. వాని ఊరు? అదీ లేదు. అబుదాబి, మస్కట్ ఉన్నాయి.

"ఇద్దరి ఊర్లూ లేకపాయె," అంది పెంటవ్వ. "గిదేం పట్టికే." తెర మూలను ఒక్కసారి వేలితో తడిమింది. "మార్చు."

నవనీత ఆ చెన్నై వరస నొక్కింది.

మూలన అంకెలు దూకాయి. పదకొండు పద్దెనిమిది.

పొద్దున తాను తోసిన గంటన్నర ఇంకా లోపలే ఉంది! సమయం దానంతటదే తెచ్చుకోవాలన్న మీట నొక్కింది. చిన్న చక్రం తిరిగింది... తిరిగింది... తిరిగింది...

తొమ్మిది యాభై.

పేజీ మళ్లీ తెరిచింది. గేటు తెరవడానికి పది నిమిషాలు.

నవనీత నీళ్లు తాగింది. పెంటవ్వ తలుపు దగ్గరగా వేసి, గడప బయట కూర్చుంది — ఎవరూ రాకుండా.

పదింటికి గేటు తెరుచుకుంది. గంటసేపు వేళ్లు ఆగలేదు. రెండు చోట్ల తప్పు కొట్టింది. ఒకటి దిద్దుకుంది. ఇంకోటి దిద్దేలోపు తెర మూసుకుంది.

ఆ ఒక్కటి చాలునా, చాలదా? రేపు తెలుస్తుంది.

ఎండ పట్టీ గోడెక్కింది. పలచబడింది. కిటికీ దాటి వెళ్లిపోయింది.

పొద్దుగూకింది. పెంటవ్వ స్టూలు లాగింది. బల్ల ముందుకు కాదు, గోడ దగ్గరికి. పైకి చాపిన చేతులు అందలేదు. కోడలే ఎక్కి గడియారం దించి ఇచ్చింది. ముసలామె దాన్ని ఒళ్లో బోర్లించుకుని, వెనక చక్రం పట్టుకుంది. వెనక్కి తిప్పింది. నిదానంగా. ఒక గంట. ఇంకో అరగంట.

"ఇగ గోడది వానిది," అంది. "వాడొచ్చిన దినం మల్ల తిప్పుదాం."

నవనీత దాన్ని మళ్లీ మేకుకు తగిలించింది.

రెండు పళ్లేలు. అన్నం పొగలు.

కిటికీలో చీకటి. బండలు చల్లగా ఉన్నాయి. వాటి మీది ఎండ ఇప్పుడు ఎక్కడో ఒక మనిషి భుజం మీద నుంచి దిగుతూ ఉంటుంది...

బల్ల మీద ఏడున్నర. గోడ మీద ఆరు.

రెండూ నిజమే.