నలుగురి బీమా

జీతం పెరిగిందన్న కాగితం చేతికొచ్చేసరికి ఆమె మందుల కంపెనీ ల్యాబ్‌లో గాజు గొట్టాలు కడుగుతోంది. మూడు వేలు! తడిచేత్తోనే పట్టుకుని, తడిసిన మూలని ఊదుకుంటూ ఇంకోసారి చదివింది. పెళ్ళయి నాలుగు నెలలు. ప్రతిదీ ముద్దొచ్చే రోజులు. ఒకే గ్లాసులో రెండు టూత్‌బ్రష్‌లు కనబడినా నవ్వొచ్చేది. అక్కడే నిలబడి, వంటింటి కిటికీకి పసుప్పచ్చ కర్టెన్ మనసులో కుట్టేసింది.

ఫోన్ చేస్తే భర్త, "శభాష్ బంగారం! స్వీట్ నేను తెస్తా" అన్నాడు. తెచ్చాడు కూడా.

నెలాఖరుకి చేతికొచ్చింది మాత్రం కిందటి నెలకంటే పద్దెనిమిది వందలు తక్కువ.

కంపెనీలో జీతాలు చూసే ఆవిణ్ణి అందరూ కత్తెరక్క అంటారు, కోతలన్నీ ఆవిడ చేతిమీదుగా పడతాయని. ఆమె నేరుగా అక్కడికే వెళ్ళింది.

"పెరిగింది ఎటుపోయిందక్కా?"

"ఎటు పోతుంది? నువ్వు సంతకం పెట్టిన ఫారమే కదమ్మాయ్. నీ ఆరోగ్య బీమాలో మీ ఆయన, అత్త, మామ చేరారు. ముగ్గురికీ కలిపి నెలకి ఐదు వేలు. పన్ను లెక్కెయ్యకముందే కోసేస్తాం. మిగిలినదానికే పన్ను. అందుకే నీకు ఐదొందలు పన్ను తగ్గింది, పెరిగిన మూడు వేల మీద మూడొందలు పడింది."

ఫారం గుర్తొచ్చింది. గిన్నెలు తోముతుంటే ఆయన వెనకనుంచి వచ్చి, గడ్డం ఆమె భుజంమీద ఆనించి, "ఇక్కడొకటి, ఇక్కడొకటి. పన్ను కలిసొస్తుంది" అన్నాడు. ఆ గడ్డం గరుకుకే మురిసిపోయి చదవకుండా పెట్టేసింది.

"ఆయన ఆఫీసులో ఇలాంటి బీమా లేదేమోలే" అంది, ఆయన తరపున తనే.

"పన్నుల లెక్కలు రాసే ఆఫీసులో లేకపోవడమేంటి? ఆయన జీతం నీకన్నా ఎక్కువేగా?"

"రెండింతల పైనే."

"అయితే పైమెట్టు పన్ను. నూటికి ముప్పై. నీది పది. ఇదే ఐదు వేలు అక్కడ కోస్తే పదిహేను వందలు మిగిలేవి." కత్తెరక్క కళ్ళద్దాల మీదుగా చూసింది. "ఆయనకి తెలీదంటావా?"

బస్సులో కిటికీ పక్క సీటు దొరికినా సంబరం కలగలేదు. తెలిసి ఉండదు. రోజంతా ఊళ్ళోవాళ్ళ పన్నులు తగ్గించే మనిషికి తెలియకపోవడమా? పోనీ, మర్చిపోయుంటాడు. ఉతకబోతూ జేబులోంచి తీసిన ఆయన జీతం స్లిప్పు గుర్తొచ్చింది. అందులో బీమా కోత గడి తుడిచినట్టు ఖాళీ. మొన్న అత్తగారు, "మావాడి జీతంతోనే కదమ్మా ఇల్లు గడిచేది, నీది నీ బస్సు ఛార్జీలకే సరి" అంటే ఆయన వారించలేదు. పైగా, "పోనీలే అమ్మా, చిన్న జీతం" అని నవ్వాడు. తనూ నవ్వింది. చిన్నదయిందా, చిన్నది చేశారా? మొన్నటి స్వీట్ దేనికి తెచ్చినట్టు? అడగాలంటే భయమేసింది. ఆయన్ని అనుమానించడం కంటే, ఇకమీదట ప్రతి ముద్దునీ తిప్పి చూసుకోవాల్సి వస్తుందేమోనన్నదే ఎక్కువ భయం.

ఇంటికొచ్చేసరికి ఆయన సోఫాలో పేపరు చూస్తున్నాడు. అత్తగారు పక్కనే కూరగాయలు తరుగుతున్నారు.

"ఏవండీ, మా ల్యాబ్‌లో ఒకావిడ అడిగింది. మొగుడి జీతం పెళ్ళానికి రెండింతలట. ఇంటిల్లిపాది బీమా ఎవరి జీతంలో కోయించాలి?"

"మొగుడి జీతంలోనే" అన్నాడు పేపరు దించకుండానే, హుషారుగా. "ఎక్కువ పన్ను కట్టేవాడి దగ్గర కోస్తేనే లాభం. ఆ మాత్రం తెలీదా? అదెవరో గానీ వట్టి దద్దమ్మ."

"నేనేనండీ."

పేపరు మెల్లగా కిందికొచ్చింది. కూరగాయల కత్తి ఆగింది.

"అది కాదు బంగారం..."

"ఫారం మార్చుకోవడానికి రేపే ఆఖరు రోజట. రేపు పొద్దున వెళ్ళగానే నా బీమాలో నా పేరొక్కటే ఉంచుతున్నా. మీ ముగ్గురి పేర్లూ రేపే మీ ఆఫీసులో రాయించుకోండి. పన్ను కలిసొస్తుంది."