ఊట దగ్గర నీలి గుడ్డ

మొండితనంలో బాదమ్‌ఖంద్‌ను మించినవాళ్లు గోబీ ఎడారిలో ఇంకా పుట్టలేదు. బొగ్గు ఉందో లేదో చూసే బోర్ల పని ఆమెదే. ఒక బోరు చోటు సరిగ్గా ఊట పక్కన పడితే, బోరు తవ్వే రిగ్గును అక్కడికి తీసుకెళ్లనే తీసుకెళ్లనంది. అడవి గాడిదలు పిల్లల్ని వెంటేసుకుని నీళ్లకొచ్చే చోటు చుట్టుపక్కల అదొక్కటే మరి. పాత బండి దారిలోనే, గుట్ట వెనక రిగ్గు నిలబెట్టి, ఊట కిందున్న పొర దాకా ఏటవాలుగా బోరు దించింది. బురదనీళ్లు నేలమీద పారనివ్వకుండా తొట్టెల్లోకి పట్టించింది.

పని దివ్యంగా సాగింది. గాడిదలే రాలేదు. దూరంగా నిలబడి చూసి, పిల్లలతో సహా వెనక్కి మళ్లేవి. ఎండలో ఆ కూనలు దాహంతో తూలేవి.

రాజధాని నుంచి పై అధికారి తుమెన్ ఫోన్ చేసి దెప్పాడు. ఎలాగూ రాని జంతువుల కోసం ఈ సాగతీత దేనికన్నాడు. రేపు తనే వస్తాడట. గాడిదలు కనబడకపోతే మిగతా బోర్లన్నీ ఊట పక్కనే, నిలువుగానేనట.

బాదమ్‌ఖంద్ బెదరలేదు. రిగ్గు ఆపించి, దూరదర్శిని పట్టుకుని గుట్ట మీద బోర్లా పడుకుంది. మంద ఊట దాకా వచ్చింది. గాలి లేచింది. నీటి ఒడ్డున ఏదో టపటపలాడింది, అంతే, మంద మొత్తం చెదిరి పరుగు లంకించుకుంది.

అది లువ్సన్ కట్టిన నీలి పట్టుగుడ్డ. నేలకు చిల్లు పొడిచేముందు నీటి దేవరను మన్నించమని అడక్కుండా ఆ ముసలి డ్రిల్లరు మిషను ముట్టడు. ఈసారి భక్తి ఎక్కువై పొడవాటి కర్రే పాతి దానికి కట్టాడు.

"బాబాయ్, వాటిని తరిమేస్తోంది మన రిగ్గు కాదు, నీ గుడ్డ," అంది.

లువ్సన్ ముఖం మాడిపోయింది. "దేవరకి కట్టింది విప్పితే ఊరుకుంటాడా అమ్మాయ్?"

"గుక్కెడు నీళ్లకొచ్చిన పసికూనల్ని తన గుమ్మంలోంచి తరిమితే ఊరుకుంటాడా?"

ముసలాయన ఊట దగ్గరికి నడిచాడు. ఇంకెవర్నీ చెయ్యి వెయ్యనివ్వక తనే విప్పి, మడిచి, రొమ్మున దోపుకున్నాడు. కర్ర పీకి, గుడారం ఎత్తేటప్పుడు చేసినట్టే ఆ గుంత పూడ్చి, కాలితో చదును చేశాడు.

మర్నాడు తుమెన్ దిగాడు. ఖరీదైన కోటుతోనే అతన్నీ గుట్ట మీద బోర్లా పడుకోబెట్టారు. మంద వచ్చింది. ఒక కూన మోకాళ్లదాకా నీళ్లలోకి దిగి మూతి ముంచింది. తుమెన్ మిగతా బోర్లు కూడా గుట్ట వెనక నుంచే కానివ్వమని గొణిగి, కోటు దులుపుకుంటూ లేవబోయాడు.

లువ్సన్ అతని భుజం పట్టి కిందికి నొక్కాడు. "కదలకు బాబూ. తల్లులు ఇంకా తాగలేదు."