నీలం కోటలో పసుపు ముక్క

కెమెరా స్టాండు తాలూకు ఇనుప కాలు సంపాదకురాలి తమ్ముడి నోటి మీద పడింది. రెండు పళ్ళు ఊడి, నేల మీది రంగురంగుల ప్లాస్టిక్ ముక్కల్లో కలిసిపోయాయి.

"మా నాన్నని చంపి ఏమీ ఎరగనట్టు ఏడుస్తావురా?" పత్రిక వ్యాన్ డ్రైవర్ ఆ ఇనుప కాలు మళ్ళీ ఎత్తాడు.

అతని తండ్రి బల్ల పక్కన తల పగిలి పడి ఉన్నాడు. పిల్లల పత్రిక కోసం నెలనెలా ఒకదానిలో ఒకటి బిగిసే ఆ ముక్కలతో కోటలూ ఓడలూ కట్టే మనిషి. పిల్లలందరికీ 'ముక్కల మామ'. పొద్దున్నే పేజీలు పేర్చడానికి వచ్చిన తమ్ముడు ముందుగా చూసి, ఆ తల ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆ రక్తమే ఇప్పుడు ప్రాణం మీదికి తెచ్చింది.

"ఆగు బాబూ!" సంపాదకురాలు డ్రైవర్ చెయ్యి పట్టుకుంది. ఒక్క విదిలింపుకి వెళ్ళి బల్ల మీద పడింది.

"మీ తమ్ముడని వెనకేసుకు రాకండి మేడమ్!"

"చేతుల నిండా రక్తం పెట్టుకుని ఇంకా బుకాయింపెందుకు?" అన్నాడు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డ ఆమె భర్త. పత్రికకి ఫోటోగ్రాఫర్ ఆయనే.

"బావా, నువ్వయినా చెప్పు..."

డ్రైవర్ వాడి గుండెల మీద మోకాలేసి, ఇనుప కాలు గొంతుకి అడ్డంగా పెట్టి నొక్కాడు. తమ్ముడి మడమలు నేలకేసి కొట్టుకున్నాయి.

ఆమె కళ్ళెదుట బల్ల మీద నీలం కోట. పైన మరక లేదు. అతుకుల లోపల మాత్రం ఎండిన రక్తం. బురుజులో ఒక పసుపు ముక్క.

ప్రతి సంచికలో ఒక ముక్క కావాలనే తప్పుగా పెట్టి ఫోటో తీస్తారు. అదెక్కడుందో పిల్లలు పట్టుకోవాలి. ఫోటో అవగానే మామ దాన్ని మార్చేసేవాడు. "తప్పుని నిలబెడితే నాకు నిద్ర పట్టదమ్మా" అనేవాడు. నిన్న సాయంత్రం ఫోటో అయ్యాక ఆమె చూసినప్పుడు బురుజంతా నీలమే. "ఇక నీతో పని చెయ్యను" అని మామ ఫోటోగ్రాఫర్ మొహం మీదే అన్నదీ అప్పుడే.

"బాబూ, ఇటు చూడు! కొట్లాటలో విరిగిన కోటని పైపైన తుడిచి, ఫోటో చూసి మళ్ళీ కట్టారు. తప్పుతో సహా! మా తమ్ముడికి ఆ ఫోటో ఇంకా అందనే లేదు. కెమెరాలోనే ఉంది!"

డ్రైవర్ పట్టు సడలింది. తమ్ముడు ఊపిరి కోసం గిలగిల్లాడాడు.

"కెమెరా ఎవరి దగ్గరుంది?" అన్నాడు డ్రైవర్.

గుమ్మంలో మనిషి ఒక అడుగు వెనక్కి వేశాడు. మెడలో కెమెరా ఊగింది.

"నోర్ముయ్యవే!"

ఆమె మూయలేదు.

"మీ నాన్నని చంపింది మా ఆయన!"